పేలని తూటా కోసం ఆగే ఊరు

కొన్ని నెలలుగా నాకు మోగని ఫోన్ వినిపిస్తోంది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీ కౌంటర్‌లో నా ఉద్యోగం. అక్కడి ఫోన్ మోగిందంటే ఎక్కడో ఎవరికో ఏదో జరిగిందనే అర్థం. మొదట్లో ఆ మోత డ్యూటీలో ఉన్నప్పుడే వినిపించేది. తర్వాత ఇంట్లో మిక్సీ తిరుగుతుంటే దాని అడుగున, కుళాయి నీళ్ళు పడుతుంటే వాటి వెనక, చివరికి ఏ చప్పుడూ లేనప్పుడు కూడా వినిపించడం మొదలైంది. చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. “మీ ఒళ్ళు డ్యూటీ దిగడం మానేసిందమ్మా. నాలుగు రోజులు సెలవు పెట్టి ఎటైనా వెళ్ళిరండి. మోత వినిపించినప్పుడు వేడి టీ ఊదినట్టు నోటితో నెమ్మదిగా ఊదండి, అరికాళ్ళు నేలకు ఆనించండి,” అని పంపించారు.

ఎటు వెళ్ళాలా అనుకుంటూ ఉండగానే పద్మ ఫోన్ చేసింది. ఈసారి నిజంగానే మోగింది. పద్మ, నేను ఇంటర్లో ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. పెళ్ళయ్యాక గురజాల దగ్గర ఒక ఊళ్ళో ఉంటోంది. ఆ ఊరి పేరు రాయొద్దంది, రాయను. “ఏమే సరళా, నువ్వు ఆస్పత్రిలో ఉంటావుగా, ఒకసారొచ్చి మా జానూని చూసిపో. మాయత్త దానికి గాలి సోకిందంటంది. ఆదివారం ఎవరినో పిలిపించి మెడ మీద వాత పెట్టిస్తానంటంది. మా ఆయన లారీతో చెన్నై పోయాడు, ఫోనెత్తడు,” అంది. నేను కౌంటర్లో కూర్చునే మనిషినే తప్ప డాక్టర్ని కాదని చెప్పాను. “అయినా రావే,” అంది. ఆరేళ్ళ పిల్లకు కాల్చిన గరిటెతో వాత. గురువారమే సెలవు పెట్టి శుక్రవారం బయల్దేరాను.

నరసరావుపేట బస్టాండులో ఉదయం పదిన్నర ప్రాంతంలో మాచర్ల బస్సు ఎక్కాను. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకిప్పుడు ఆధార్ చూపిస్తే చాలు, డబ్బులక్కర్లేదు. మగవాళ్ళు మాత్రం గురజాలకు వంద పైచిలుకు చేతిలో పెట్టుకోవాలి. పత్తి తీతల కాలం. దారికి రెండు వైపులా చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. పిడుగురాళ్ళ దగ్గరపడే కొద్దీ తెలుపు రంగు మారింది. అక్కడ తెల్లగా ఉన్నది పత్తి కాదు, సున్నపు బట్టీల దుమ్ము. వేపచెట్ల ఆకుల మీద, తీగల మీద, దుకాణాల రేకుల మీద, నిలబడి ఉన్న గేదెల వీపుల మీద ఒకే పూత. బస్సు ఆగిన కాసేపట్లో కిటికీ చువ్వ మీద నా వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఇంజను మోతలోంచి ఫోన్ మోగుతూనే ఉంది. డాక్టరు చెప్పినట్టు ఊదుతుంటే పక్కనున్న ఆవిడ కళ్ళు తిరుగుతున్నాయేమోనని నిమ్మకాయ చేతిలో పెట్టింది.

గురజాలలో దిగేసరికి ఒంటిగంట దాటింది. బస్టాండు ఎదురుగా భోజనం ఎనభై రూపాయలు. నేను తినలేదు, పద్మ వండి ఉంటుందని. ఆ ఊరికి షేర్ ఆటో ముప్పై. నలుగురు నిండేదాకా కదలరు. కానీ నేను ఎక్కిన ఆటో అతను మాత్రం నేనొక్కదాన్నే ఉండగానే బండి తీశాడు. వెంకటేశ్వర్లట పేరు. ఎందుకింత తొందరని అడిగితే, “రెండు కాకముందే దింపేయాలక్కా. రెండప్పుడు నేను ఆ ఊళ్ళోకి రాను,” అన్నాడు.

“ఏం, ఏముంది ఆ ఊళ్ళో?”

“ఏమీ లేదు. అదేగా,” అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. ఊరి మొదట్లో వాటర్ ట్యాంకు దగ్గర నన్ను దించి, ముప్పై తీసుకుని, బండి తిప్పి అప్పుడే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నపు ఎండలో వీధి వీధంతా ఖాళీగా ఉంది. తలుపులన్నీ దగ్గరగా వేసి ఉన్నాయి. పల్లెటూళ్ళలో ఆ వేళకు కునుకు తీస్తారు, అది మామూలే. కానీ ఇది నిద్ర కాదు. ఒక పంచలో స్టీలు బిందెలు, గిన్నెలు, గ్లాసులు నేల మీద బోర్లించి ఉన్నాయి. పక్క పంచలోనూ అంతే. దాని పక్కన కూడా. గోడ అలమరలో ఒక్క గిన్నె లేదు. వీధి కుళాయి ఎవరో సగంలో వదిలేసినట్టు కారుతోంది, కింద బిందె నిండి పొర్లిపోతోంది. ట్రాక్టరు ట్రక్కు కింద మూడు కుక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుని, కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాయి. మొరగలేదు.

పద్మ ఇల్లు ఫోటోలో చూసిందే కాబట్టి గుర్తుపట్టాను. తలుపు తట్టాను. పలకలేదు. ఎవరో పోయారేమో అనుకున్నాను. నా ఉద్యోగంలో మొదట వచ్చే ఆలోచన అదే. కిటికీ దగ్గరికి వెళ్ళి లోపలికి చూశాను. పద్మ, వాళ్ళత్త కోటమ్మ గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నారు. మంచం కింద బోర్లా పడుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని ఒక చిన్నపిల్ల. ముగ్గురూ నన్ను చూశారు. పద్మ నవ్వలేదు. వేలు పెదాల మీద పెట్టుకుంది.

అప్పుడే నాకు ఫోన్ మోగింది. అంతగా మోగడం అంతకుముందు ఎప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో నా లోపలి మోత ఊరంతటికీ వినిపిస్తుందేమోనని భయపడి బ్యాగును రొమ్ముకు అదుముకున్నాను. అలా ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. చివరికి వీధి చివర ఎక్కడి నుంచో ఒక మగగొంతు, “అయిపోయిందోయ్!” అని అరిచింది. ఏది అయిపోయిందో, అసలు ఏం మొదలైందో నాకేం వినపడలేదు. అంతే, తలుపులు తెరుచుకున్నాయి. ఊరంతా గిన్నెలు అలమరల్లోకి ఎక్కుతున్న చప్పుడు. కుక్కలు ట్రక్కు కిందనుంచి లేచి ఒళ్ళు విదుల్చుకుని మొరగడం మొదలుపెట్టాయి.

“వచ్చావా! మంచి టయానికే దిగావే,” అని పద్మ తలుపు తీసి నన్ను కావలించుకుంది. చెమటతో వీపు తడిసిపోయి ఉంది.

దోసకాయ పప్పు, పండుమిరప కారం వేసుకుని అన్నం తింటూ సంగతి విన్నాను. ఊరికి అవతల ముగ్గురాయి క్వారీ ఒకటి ఉండేది. సున్నానికి వాడే రాయి. రోజూ రెండు గంటలకు సైరన్ కూసేది, తర్వాత రాయిని పగలగొట్టే తూటాలు పేలేవి. ఆ అదురుకు అలమరల్లో గిన్నెలు పడిపోతాయని ముందే దించి పెట్టుకునేవాళ్ళు. పేలడం అయ్యాక కాపలా మనిషి “అయిపోయింది” అని అరిస్తే బయటికొచ్చేవాళ్ళు. ఒకనాడు సైరన్ కూయలేదు. తూటా మాత్రం పేలింది. కోటమ్మ భర్త ఇదే ఇంట్లో, అప్పుడు రేకుల ఇల్లు, అన్నం తింటూ ఉంటే పైనుంచి రాయి పడి అక్కడే పోయాడు. అప్పటి నుంచి సైరన్‌ను ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. కూసినా కూయకపోయినా రెండైతే లోపలికి పోయి గోడవారగా కూర్చోవడమే. కొన్నేళ్ళకు లీజు అయిపోయి క్వారీ మూతపడింది. జాను అప్పటికింకా పుట్టలేదు.

“మరి ఇప్పుడు ఎందుకు దాక్కుంటారే?” అన్నాను.

పద్మ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. “మూసేశారని చెప్పారు. నిజమే. కానీ ఒళ్ళు వినదే. ఒకనాడు మానేద్దామని బయటే ఉన్నా. గుండె నోట్లోకొచ్చింది. లోపలికొచ్చి కూసున్నాకే తగ్గింది.”

“అయిపోయిందని అరిచేదెవరు?”

“ఎవరో ఒకరు. ఎవరికి ముందు భయం తగ్గితే వాళ్ళు. ఒకోనాడు ఎవరూ అరవరు. పొద్దుగూకిందాకా కూసున్నరోజు కూడా ఉంది.”

జాను సంగతి అంతకంటే వింతగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తూటా చప్పుడు కూడా విననిది, రెండైతే మంచం కిందికి పోతుంది. గురజాలలో బడిలో కూడా అదే వేళకు బెంచీ కిందికి దూరి చెవులు మూసుకుంటోందని టీచరమ్మ పిలిచి చెప్పింది. పిల్లలు ఏడిపిస్తున్నారని ఆ రోజు బడికే పోనంది. పంచలో పండుమిరపకాయలు తొడిమలు తీస్తున్న కోటమ్మ తల ఎత్తకుండానే అంది: “విననిదాన్ని వినేది పిల్ల కాదమ్మాయ్. మా ఆయన దాన్ని పట్టుకున్నాడు. వాత పెడితే పోతాడు.” గొంతులో కోపం లేదు. భర్త గురించి చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు పైకప్పు వైపు వెళ్ళాయి. ఇప్పుడది సిమెంటు స్లాబు. అయినా వెళ్ళాయి.

సాయంత్రం ఎండ తగ్గాక పద్మ నన్ను క్వారీ దాకా తీసుకెళ్ళింది. ఊరి నుంచి నడిస్తే పావుగంట. రాయి తీసిన గొయ్యి నిండా నీళ్ళు, నెమలికంఠం రంగులో కదలకుండా ఉన్నాయి. అడుగు ఎంత లోతో ఎవరికీ తెలియదు. అంచులకు కంచె లేదు, పిల్లలతో అటు పోవద్దు. గట్టు మీద ఇనుప స్తంభం, దాని చివర తుప్పు పట్టిన సైరన్ బాకా. గాలి వీచినప్పుడల్లా ఆ బాకాలోంచి సన్నగా, సీసా మూతి ఊదినట్టు ఒక శబ్దం వస్తోంది. పద్మ ఆ శబ్దం రాగానే నా మోచెయ్యి పట్టుకుంది. గాలి ఆగింది. శబ్దం ఆగింది. పద్మ చెయ్యి మాత్రం వదల్లేదు. ఇల్లు చేరిందాకా పట్టుకునే ఉంది, ఆ సంగతి తనకు తెలిసినట్టు లేదు.

మర్నాడు శనివారం, బడికి రెండో శనివారం సెలవు. రెండు గంటల వేళకు పిల్లను ఊరికి దూరంగా ఉంచి చూద్దామన్నాను. ముగ్గురం పొద్దున్నే గురజాల వచ్చి మాచర్ల బస్సు ఎక్కాం, గంట లోపే ప్రయాణం. మాచర్లలో రింగురోడ్డు సెంటర్ దగ్గర ఎత్తిపోతలకు ఆటోలు దొరుకుతాయి. పోను రాను, అక్కడ ఆగడంతో కలిపి ఏడొందలు అడిగాడు, అయిదొందలకు ఒప్పుకున్నాడు. సాగర్ రోడ్డులో అరగంట. లోపలికి టికెట్టు కొద్దిపాటిదే. వానలు బాగా పడ్డ ఏడాది కావడంతో నీళ్ళు రెండు మూడు పాయలుగా, కొండ నోరు తెరిచి పోసినట్టు కిందికి దూకుతున్నాయి. జాను కోతుల్ని చూసి ఒకటే నవ్వు. పులిహోర పొట్లం విప్పి, జలపాతం కనబడే చోట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. చుట్టూ సెల్ఫీలు, అరుపులు, కింద నీటి హోరు. అంత చప్పుడులో తూటా పేలినా వినపడదు. ఎవరి చేతికీ వాచీ లేదు. ఫోన్లు బ్యాగులో ఉన్నాయి.

నేను జానూ ముఖమే చూస్తూ కూర్చున్నాను. దెయ్యం పట్టడమంటే ముందు ముఖంలోనే తెలుస్తుందనుకున్నాను. కానీ తేడా నాకు మొదట కనిపించింది పద్మలో. సీసా ఎత్తి నీళ్ళు తాగబోతున్న చెయ్యి మధ్యలో ఆగింది. భుజాలు చెవుల దాకా లేచాయి. చెప్పుల్లో కాలివేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. కళ్ళు జలపాతం మీదే ఉన్నాయి, కానీ చూడటం లేదు. ఆ తర్వాతే జాను తల్లి వైపు ఒక్కసారి చూసి, చేతిలోని పులిహోర జాగ్రత్తగా ఆకు మీద పెట్టి, బెంచీ కిందికి దూరి చెవులు మూసుకుంది.

పద్మను పిలుద్దామని నోరు తెరవబోయాను. నోట్లో ముద్ద అలాగే ఉంది. మింగలేదు. నా ఊపిరి కూడా ఆగి ఉంది. ఆ ఊళ్ళో నేనున్నది ఒక్క పూట. అయినా నేనూ ఎదురుచూస్తున్నాను. అన్ని నెలల్లో మొదటిసారి నాకు ఫోన్ మోగలేదు. దాని చోట, నీటి హోరు వెనక, సైరన్ కూస్తోంది. నేను జీవితంలో ఎన్నడూ వినని సైరన్. మొదట సన్నగా, తర్వాత పైకి లేస్తూ.

ఫోటో తీసుకుంటున్న ఒకావిడ, “పాపకేమైందండీ?” అని అడగడంతో నేను ఊపిరి వదిలాను. కింద కూర్చుని బెంచీ కిందికి వంగాను. “జానూ, నీకేం వినపడుద్ది?”

“ఏం వినపడదు,” అంది. “అమ్మ ఆగిపోద్ది. అందుకని.”

“మరి బళ్ళో అమ్మ ఉండదుగా?”

పిల్ల నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. “అప్పుడు ఇంటికాడ ఆగిపోయి ఉంటది. ఒక్కతే కూసుంటదిగా.”

ఆ మాట పద్మకు వినిపించింది. ఏడవలేదు. సీసా పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, అందరూ చూస్తుండగా ఆ బెంచీ కిందికి తనూ దూరింది. ఇద్దరికీ చోటు చాలక పద్మ కాళ్ళు బయటే ఉన్నాయి. “వేడి టీ ఊదినట్టు ఊదవే. అరికాళ్ళు నేలకు ఆనించు,” అన్నాను. నాకు తెలిసింది అదొక్కటే. పద్మ ఊదింది. ముందు వణుకుతూ, తర్వాత కాస్త నిదానంగా. భుజాలు కొంచెం దిగాయి. జాను చెవుల మీది చేతులు తీసి తల్లి నోటి ముందు పెట్టి గాలి తగులుతోందా అని చూసుకుంది. తర్వాత తనూ ఊదడం మొదలుపెట్టింది. చివరికి, “అమ్మా, అయిపోయిందా?” అని అడిగింది.

“అసలు లేదే తల్లీ,” అంది పద్మ. “ఎప్పుడో పోయింది.”

మేం ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. పద్మ చెప్పులు కూడా విప్పకుండా అత్త ముందు నిలబడింది. “దానికి గాలీ లేదు, దయ్యమూ లేదు అత్తా. అది నన్ను చూసి దాక్కుంటంది. వాత పెట్టాలంటే ముందు నాకు పెట్టించు.”

కోటమ్మ మిరపకాయల చేట పక్కన పెట్టింది. కారం అంటిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ, “నువ్వెవరిని చూసి నేర్చావు? కాపరానికొచ్చిన కాడనుంచి నా పక్కనేగా కూసున్నావు,” అంది. “నీకంటే ముందు నాకు పెట్టాల.” తర్వాత పక్కింటాయన్ను పిలిచి, వాత పెట్టేవాణ్ణి రేపు రావద్దని ఫోన్ చేయించింది.

ఆదివారం మధ్యాహ్నం నేను బయల్దేరాలి. రెండుకు ముందే వెళ్ళిపోవచ్చు. కానీ ఉండిపోయాను. వేళవుతుండగా వీధిలో తలుపులు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. గిన్నెలు నేల మీదికి దిగుతున్న చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి ఆగిపోయింది. పద్మ అలమర వైపు వెళ్తుంటే కోటమ్మ, “దించమాక,” అంది. కొంగు బిగించి, తలుపు తీసి, ఒక్కతే వెళ్ళి అరుగు మీద కూర్చుంది.

నేను గడపలో నిలబడి చూశాను. ఎండలో తెల్లగా మెరుస్తున్న వీధి. అన్ని కిటికీల వెనకా కళ్ళు. ట్రక్కు కింద కుక్కలు. ఆ మొత్తం ఊళ్ళో ఆకాశం కింద ఉన్న మనిషి ఆవిడ ఒక్కతే. ఎదురింట్లోంచి ఎవరో గుసగుసగా, “లోపలికి పో పిన్నీ, లోపలికి పో,” అంటున్నారు. కోటమ్మ అరుగు అంచును రెండు చేతులా పట్టుకుని పైకే చూస్తోంది. భర్త పోయినా తీయని గాజులు అరుగు రాయికి తగిలి టకటకమని చప్పుడు చేస్తున్నాయి. అంతగా వణుకుతోంది. ఆవిడ పెదాలు కదులుతుంటే దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. కాదు, భర్తతో మాట్లాడుతోంది. “ఈడనే ఉన్నానయ్యా. బయటే ఉన్నా. చూడు,” అంటోంది.

మంచం కిందనుంచి జాను బయటికి వచ్చింది. నా పక్కనుంచి, తల్లి పక్కనుంచి నడిచి వెళ్ళి నానమ్మ ఒళ్ళో కూర్చుంది. అరచెయ్యి ఆవిడ నోటి ముందు పెట్టి, “ఊదు నానమ్మా,” అంది. కోటమ్మ ఊదింది. అలా ఇద్దరూ కూర్చుని ఉండగా గాజుల చప్పుడు నెమ్మదిగా ఆగిపోయింది. ఆ రోజు ఎవరూ అరవలేదు. అరవకుండానే ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుంది.

ఊరు మారిపోయిందని రాయలేను. పద్మ నిన్ననే ఫోన్ చేసింది. చాలా ఇళ్ళలో గిన్నెలు ఇంకా దిగుతూనే ఉన్నాయట. జాను కొన్ని రోజులు బెంచీ కిందికి పోతుందట, కొన్ని రోజులు పోదట. టీచరమ్మకు సంగతి చెప్పాక, ఆ వేళకు పిల్లకు నల్లబల్ల తుడిచే పని ఇస్తోందట. నాకూ ఫోన్ మోగుతూనే ఉంది, కాకపోతే తక్కువగా. ఇంటికి వచ్చిన రోజు నా కొడుకును కూర్చోబెట్టి, నేను డ్యూటీ నుంచి వచ్చినప్పుడు వాడికి ఎలా ఉంటుందో అడిగాను. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. “నువ్వు గేటు గడియ తీసే చప్పుడును బట్టి టీవీ సౌండు ఎంత తగ్గించాలో తెలుస్తుందమ్మా,” అన్నాడు. చాలా మామూలుగా చెప్పాడు. వత్తిడి నా ఒంట్లో ఉందని, దాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు గేటు బయట కాసేపు నిలబడి, చేతనైనంత దించుకుని లోపలికి వెళ్తున్నాను. ఒక్కోరోజు దిగదు. అప్పుడు వాడికి, “ఇవాళ ఆసుపత్రిలో కష్టంగా గడిచింది, నీ మీద కోపం కాదు,” అని చెబుతున్నాను. అలా చెప్పిన రోజు వాడు టీవీ సౌండు తగ్గించడం లేదు.

ఎత్తిపోతలకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: మాచర్లలో ఆటో మాట్లాడుకునేటప్పుడే అక్కడ రెండు గంటలు ఆగాలని ఖరాఖండిగా చెప్పండి. లేకపోతే అరగంటకే హారన్ కొడతారు. మొదటి అరగంట మన వెంట తెచ్చుకున్న చప్పుళ్ళే వినిపిస్తాయి. నీళ్ళ చప్పుడు వినపడేది ఆ తర్వాతే.